గ్రాఫ్ నుంచి పుట్టిన పోసెట్‌కి ఏ కొలత మేలు: వెడల్పా, డైమెన్షనా, లక్షణ బహుపదా?

గ్రాఫ్ థియరీలోకి కొత్తగా వచ్చిన ఎమ్మెస్సీ విద్యార్థులకి తరచు వచ్చే సందేహం ఇది. గ్రాఫ్ నుంచి ఒక పోసెట్ తయారుచేశాం, బాగానే ఉంది. ఇప్పుడు దాని మీద ఏం లెక్కగడితే గ్రాఫ్ గురించి నిజంగా ఏమైనా తెలుస్తుంది? నా మాట ముందే చెప్పేస్తాను. వెడల్పుని వదిలేయండి. గ్రాఫ్‌ని కాగితం మీద ఎలా గీయాలన్నదే మీ ప్రశ్నయితే డైమెన్షన్ పట్టుకోండి. మిగతా అన్నిటికీ లక్షణ బహుపదే మేలు. కానీ ఏ కొలత ఎంచుకోవాలన్న దానికంటే ముందు, ఏ పోసెట్ అన్నది తేల్చుకోవాలి. చాలామంది తడబడేది అక్కడే.

పోసెట్ అంటే కొన్ని జతల్లో ఏది కిందో ఏది పైనో తెలిసి, మిగతా జతల్ని పోల్చలేని సమితి. గ్రాఫ్ నుంచి దీన్ని రకరకాలుగా తయారుచేయొచ్చు. అందరూ వాడేవి రెండు. మొదటిది ఇన్సిడెన్స్ పోసెట్: శీర్షాలన్నీ కింద, అంచులన్నీ పైన, ప్రతి అంచూ తన రెండు కొసల మీద కూర్చుంటుంది. రెండోది బాండ్ లాటిస్: శీర్షాలను గుంపులుగా విడగొట్టాలి, ఏ గుంపుకా గుంపు లోపల తెగకుండా ఉండాలి. అట్టడుగున అన్నీ విడివిడిగా ఉంటాయి, గుంపులు కలుస్తున్నకొద్దీ పైకి వెళ్తాం. మొదటిదాంట్లో గ్రాఫ్ మొత్తం ఉంటుంది, ఏమీ పోదు. రెండోదాంట్లో కొంత పోతుంది.

వెడల్పు సంగతి త్వరగా ముగిద్దాం. ఒకదానితో ఒకటి పోల్చలేనివి గరిష్ఠంగా ఎన్ని అన్నదే వెడల్పు. పోసెట్‌ని కనీసం ఎన్ని గొలుసులతో (లోపల అన్నీ ఒకదానితో ఒకటి పోల్చగలిగే గుంపులతో) కప్పగలమో అంతే వెడల్పు అని 1950లో డిల్‌వర్త్ నిరూపించాడు. సిద్ధాంతం అందమైనదే, లెక్కా తేలికే. కానీ తెగకుండా ఉన్న గ్రాఫ్‌లో ఒక్క చక్రం ఉన్నా ఇన్సిడెన్స్ పోసెట్ వెడల్పు అంచుల సంఖ్యే. చక్రం లేకపోతే శీర్షాల సంఖ్యే. అవి మనకి ముందే తెలుసు.

డైమెన్షన్ అలా కాదు. దీన్ని 1941లో డష్నిక్, మిల్లర్ నిర్వచించారు. పోసెట్‌లోని వస్తువులన్నిటినీ కింది నుంచి పైకి ఒకే వరసలో పేర్చాలి, ఉన్న క్రమం చెడకూడదు. అలాంటి వరసలు కొన్ని తీసుకుంటే, పోల్చలేని ప్రతి జతా ఏదో రెండు వరసల్లో తారుమారు కావాలి. అందుకు కనీసం ఎన్ని వరసలు కావాలో అదే డైమెన్షన్. క, గ, చ అనే మూడు శీర్షాల దారి తీసుకోండి, అంచులు కగ, గచ. మొదటి వరస: క, గ, కగ, చ, గచ. రెండో వరస: చ, గ, గచ, క, కగ. జతలన్నీ సరిచూసుకోండి, ఈ రెండే చాలు. డైమెన్షన్ 2.

ఇప్పుడు మధ్యలో మ, దానికి మూడు వైపులా క, గ, చ ఉన్న నక్షత్రం. దీనికీ రెండు వరసలే చాలనుకుందాం. క, గ, చ పోల్చలేనివి కాబట్టి మొదటి వరసలో కింది నుంచి పైకి క, గ, చ అని ఉంటే రెండోదాంట్లో చ, గ, క అని ఉండాలి. (మధ్యలో పడే శీర్షానికి గ అని పేరు పెట్టాం, అంతే.) గ శీర్షాన్నీ మక అంచునీ చూడండి. అవి పోల్చలేనివి, కాబట్టి ఏదో ఒక వరసలో గ, మక కంటే పైన ఉండాలి. అంటే అక్కడ క కంటేనూ మ కంటేనూ పైనే. క కంటే గ పైన ఉన్నది మొదటి వరసలో మాత్రమే, కాబట్టి అక్కడ మ కంటే గ పైన ఉంది. మచ అంచుతో ఇదే పని చేస్తే రెండో వరసలో కూడా మ కంటే గ పైనే. రెండిట్లోనూ పైనే ఉంటే ఆ జత తారుమారు కావడం లేదు. కానీ మ, గ రెండూ శీర్షాలు, పోల్చలేనివి. ఇక్కడ లెక్క కుదరదు, మూడో వరస కావాల్సిందే.

అసలు అద్భుతం దీని తర్వాత వస్తుంది. ఇన్సిడెన్స్ పోసెట్ డైమెన్షన్ 3 దాటకపోతే, అప్పుడు మాత్రమే, ఆ గ్రాఫ్‌ని అంచులు ఒకదాన్నొకటి కోయకుండా కాగితం మీద గీయగలం. 1989లో ష్నైడర్ నిరూపించిన ఈ సిద్ధాంతం చదివిన ప్రతిసారీ నాకు అంతే సంతోషం. కాగితం, గీత, వంపు అనే మాటే లేని నిర్వచనం గీయడం గురించి చెబుతోంది! ఆ మూడు వరసల ఆలోచననే మరికాస్త ముందుకు తీసుకెళ్లి, న శీర్షాల సమతల గ్రాఫ్‌ని న−2 పొడవూ న−2 వెడల్పూ ఉన్న గళ్లలో సరళరేఖలతో గీయొచ్చని ఆయనే 1990లో చూపించాడు.

మరి లోటు? ఏ పోసెట్‌కైనా డైమెన్షన్ 3 దాటుతుందా లేదా అన్నది తేల్చడం ఎన్‌పీ-సంపూర్ణ సమస్య (అంటే వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియనిది) అని 1982లో యన్నకాకిస్ చెప్పాడు. పైగా 3 దాటాక ఈ కొలత మొద్దుబారిపోతుంది. ప్రతి రెండు శీర్షాలకీ అంచు ఉన్న పూర్ణ గ్రాఫ్‌నే చూడండి. 4 శీర్షాల దాకా డైమెన్షన్ 3 దాటదు, 12 దాకా 4 దాటదు, 81 దాకా 5, 2646 దాకా 6. రెండున్నర వేల శీర్షాలున్నా జవాబు 6 అనే వస్తే, 100 శీర్షాలదానికీ దానికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఇక లక్షణ బహుపది. దీని మూలం మోబియస్ ప్రమేయం. పోసెట్ అట్టడుగున 1 రాయాలి. ఆపైన ప్రతిచోటా, దాని కింద ఉన్నవన్నీ దానితో కలిపి కూడితే సున్నా వచ్చేలా రాయాలి. త్రిభుజం బాండ్ లాటిస్‌లో అడుగున 1, మధ్యలో మూడుచోట్ల −1, పైన 2. ఒక్కో ఎత్తులో ఉన్న సంఖ్యల మొత్తాలే గుణకాలుగా ర² − 3ర + 2 వస్తుంది. దాన్ని ర తో గుణిస్తే ర(ర−1)(ర−2): ర రంగులతో త్రిభుజానికి, పక్కపక్క శీర్షాలకి ఒకే రంగు పడకుండా, ఎన్ని రకాలుగా రంగులు వేయొచ్చో ఆ లెక్క. బిర్కాఫ్ 1912లో నాలుగు రంగుల సమస్య కోసం తెచ్చిన బహుపది ఇదే. 1964లో రోటా మోబియస్ ప్రమేయాన్ని కాంబినటోరిక్స్ నడిబొడ్డున నిలబెట్టాక దీని వెనక పోసెట్ ఉందన్న సంగతి అందరికీ స్పష్టమైంది.

ఈ రంగుల బహుపదిలో ర స్థానంలో −1 పెట్టండి. −6 వస్తుంది. గుర్తు తీసేస్తే 6. త్రిభుజం అంచులకి బాణాలు పెట్టే 8 పద్ధతుల్లో చుట్టూ తిరిగేవి రెండు తీసేస్తే మిగిలేవి 6. ఏ గ్రాఫ్‌కైనా ఇలాగే జరుగుతుందని 1973లో స్టాన్లీ నిరూపించాడు. ఈ గుణకాల పరిమాణాలు పెరిగి తర్వాత తగ్గుతాయే తప్ప మధ్యలో లోయ ఉండదని 1968లో రీడ్ ఊహిస్తే, 2012లో జూన్ హ దాన్ని బీజ జ్యామితితో సాధించాడు. ఆయనకి 2022లో ఫీల్డ్స్ మెడల్ తెచ్చిన పనుల్లో అదీ ఒకటి. ఒక కొలత ఇన్ని దిక్కులకి దారి తీయడం నేను వేరేచోట చూడలేదు.

దీనికీ గుడ్డి మచ్చలున్నాయి, అవి రెండు రకాలు. దారి, నక్షత్రం రెండూ 4 శీర్షాలవైతే రెండిటికీ బహుపది ఒకటే, ర(ర−1)³. ఇక్కడ తప్పు బహుపదిది కాదు. వాటి బాండ్ లాటిస్‌లే ఒకలా ఉంటాయి, పోయిందేదో పోసెట్ దగ్గరే పోయింది. రెండో రకం వేరు. ఒక త్రిభుజం గీసి, మరో మూడు శీర్షాలు తీసుకుని, ఒక్కోదాన్నీ ఆ త్రిభుజం మూడు మూలలకీ కలపండి. దీన్ని అంచులు కోసుకోకుండా గీయలేం, ఎందుకంటే మూడు ఇళ్లకీ నీళ్లు, కరెంటు, గ్యాస్ కలిపే పాత పజిల్ ఇందులోనే దాగుంది. ఇప్పుడు ఇంకో త్రిభుజం గీసి లోపల ఒక శీర్షం పెట్టి మూడు మూలలకీ కలపండి. ఏర్పడిన మూడు చిన్న త్రిభుజాల్లో ఒకదాంట్లో మరో శీర్షం, ఇంకోదాంట్లో మరొకటి అలాగే పెట్టండి. ఇది చక్కగా గీయగలిగిన గ్రాఫ్. రెండిటికీ 6 శీర్షాలు, 12 అంచులు. రెండిటికీ బహుపది ర(ర−1)(ర−2)(ర−3)³. చక్రం లేకుండా బాణాలు పెట్టే పద్ధతులు రెండిటికీ 384. వీటి బాండ్ లాటిస్‌లు మాత్రం వేరు, విట్నీ 1933 నాటి సిద్ధాంతం నుంచి అది తేలుతుంది. అంటే ఈసారి తేడాని పోగొట్టుకున్నది బహుపదే. ఇన్సిడెన్స్ పోసెట్ డైమెన్షన్ అడిగితే మొదటిదానికి 4, రెండోదానికి 3 అని ఠక్కున విడదీస్తుంది.

అయినా నా ఓటు లక్షణ బహుపదికే. డైమెన్షన్ ఒక ప్రశ్నకి అద్భుతంగా జవాబు చెప్పి ఆగిపోతుంది, ఆ ప్రశ్నకైనా హాప్‌క్రాఫ్ట్, టార్జన్‌ల 1974 నాటి పద్ధతి నేరుగా, చాలా వేగంగా జవాబిస్తుంది. బహుపది పెద్ద గ్రాఫ్‌లకి లెక్కగట్టడం కష్టమే, కానీ పది శీర్షాల లోపు గ్రాఫ్‌లకి ఒక్కో అంచుని తీసేస్తూ, ముడిచేస్తూ (దాని రెండు కొసలనీ ఒకటి చేస్తూ) పోతే చాలావరకు చేత్తోనే వస్తుంది. ప్రాజెక్టుకి అంశం వెతుక్కుంటుంటే, బహుపది ఒకటైనా డైమెన్షన్ వేరుగా ఉండే ఇలాంటి జతలు 7 శీర్షాల్లో ఏవేవి వస్తాయో వెతకడం మొదలుపెట్టండి.