క్రూజ్ క్యాసినోలో ఉచిత మందు: ఏ ఓడలో ఎవరికి ఇస్తారు, అసలు ఎంత పడుతుంది

లాస్ వేగాస్‌లో స్లాట్ మెషీన్ ముందు కూర్చుని ఇరవై డాలర్ల నోటు పెడితే చాలు, కాసేపటికి వెయిట్రెస్ వచ్చి ఏం కావాలని అడుగుతుంది. డాలరో రెండు డాలర్లో టిప్ ఇస్తే సరిపోతుంది. గోవాలో మాండవి నది మీద లంగరేసి ఉండే క్యాసినో ఓడల్లో అయితే ప్రవేశ ప్యాకేజీలోనే భోజనం, మందు కలిపి ఇస్తారు. ఈ రెండూ చూసినవాళ్లు టెక్సాస్ రేవు గాల్వెస్టన్‌లోనో మయామీలోనో క్రూజ్ ఎక్కి, ఇక్కడా అంతే అనుకుని క్యాసినో బార్‌లో వరసగా ఆర్డర్లు ఇస్తుంటారు. పొద్దున ఖాతా తెరిస్తే ఒక్కో కాక్‌టెయిల్‌కు 14 డాలర్లు, దాని మీద 18 శాతం సర్వీసు ఛార్జీ, మొత్తం 16 డాలర్ల 52 సెంట్లు పడి ఉంటుంది.

పెద్ద అమెరికన్ క్రూజ్ ఓడల్లో ఆడుతున్నంత మాత్రాన మందు ఉచితం కాదు. దానికి మూడు దారులున్నాయి. కంపెనీ క్యాసినో క్లబ్బులో ఒక స్థాయికి చేరి ఉండాలి, లేదా ఆ ప్రయాణంలోనే తగినంత ఆడి ఉచిత మందు కార్డు సంపాదించాలి, లేదా క్యాసినో ఆఫర్ మీద బుక్ చేసుకున్న టికెట్‌లోనే ఆ సౌకర్యం రాసి ఉండాలి. ఏ కంపెనీలో ఏ దారి నడుస్తుందో ముందే తెలుసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

రాయల్ కరీబియన్‌లో క్యాసినో క్లబ్బు పేరు క్లబ్ రోయాల్. ఇందులో చాయిస్, ప్రైమ్, సిగ్నేచర్, మాస్టర్స్ అని నాలుగు మెట్లు. ప్రైమ్‌కు ఏడాదిలో 2,500 పాయింట్లు, సిగ్నేచర్‌కు 25,000, మాస్టర్స్‌కు 1,00,000 కావాలి. ఉచిత మందు ప్రైమ్ నుంచి మొదలవుతుంది. స్లాట్ మెషీన్లో 5 డాలర్లు తిప్పితే ఒక పాయింటు, వీడియో పోకర్‌లో 10 డాలర్లకు ఒక పాయింటు. తిప్పడం అంటే మెషీన్ గుండా పోయిన మొత్తం పందెం. జేబులోంచి తీసిన డబ్బు ఒక్కటే ఇందులోకి రాదు, గెలిచి మళ్లీ పెట్టింది కూడా లెక్కే.

2,500 పాయింట్లంటే స్లాట్లో 12,500 డాలర్ల పందెం. ఒక్కో స్పిన్‌కు 88 సెంట్ల చొప్పున గంటకు ఆరువందల సార్లు నొక్కితే 528 డాలర్లు తిరుగుతాయి. ఆ వేగంతో ప్రైమ్ చేరడానికి దాదాపు 24 గంటల ఆట కావాలి. ఏడు రాత్రుల ప్రయాణంలో అంటే రోజుకు మూడున్నర గంటలు. మెషీన్ నూటికి పది మిగుల్చుకుంటుందని లెక్కేసుకుంటే, సగటున పోయేది 1,250 డాలర్లు. ఓడ స్లాట్ల నుంచి నేల మీది క్యాసినోల కన్నా ఉదారత ఆశించడానికి కారణమేమీ లేదు. పోటీగా పక్క వీధిలో ఇంకో క్యాసినో ఉండదు కదా.

ఇప్పుడు దీన్ని, రోజుకింత అని ఒకేసారి కట్టి తాగే డ్రింక్ ప్యాకేజీతో పోల్చాలి. ప్యాకేజీ ధర ప్రయాణాన్ని బట్టి మారుతుంది. రోజుకు 80 డాలర్లు అనుకుందాం. 18 శాతం కలిపితే 94.40, ఏడు రోజులకు 660 డాలర్ల పైచిలుకు. రోజుకు ఆరు కాక్‌టెయిళ్లు తాగేవాళ్లకే అది గిట్టుబాటు. ఒక్క ప్రయాణం మాత్రమే చేసేవాళ్లు ప్రైమ్ కోసమే కూర్చుని ఆడితే ప్యాకేజీ ధరకు దాదాపు రెట్టింపు పోగొట్టుకున్నట్టే. పైగా ప్యాకేజీ ఓడలోని దాదాపు అన్ని బార్లలోనూ చెల్లుతుంది, ప్రైమ్ ఇచ్చే ఉచిత మందు క్యాసినోలోనే.

అయితే మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పరిస్థితి ఒకటి ఈ లెక్కను తిరగేస్తుంది. రాయల్ కరీబియన్‌లో ఒకే కేబిన్‌లోని పెద్దవాళ్లలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే మిగతావాళ్లూ కొనాలి. కార్నివాల్ కంపెనీ మద్యం ప్యాకేజీ ఛీర్స్‌కూ 21 ఏళ్లు దాటినవాళ్లకు ఇదే నియమం. ఆయన తాగి ఆమె తాగకపోతే 660 కాస్తా 1,320 అవుతుంది. తాగని మనిషికి వైద్య కారణమో మరో కారణమో ఉంటే ఫోన్ చేసి అడిగితే, మద్యం లేని చౌక ప్యాకేజీతో సరిపెట్టే అవకాశం రాయల్‌లో ఉంటుంది. ఓడ ఎక్కాక కాదు, ముందే అడగాలి. ఇలాంటి జంటలో ఒకరు ఎలాగూ ప్రతి రాత్రీ మూడున్నర గంటలు ఆడేవారైతే, ప్యాకేజీ మానేసి క్యాసినో కార్డు మీద ఆధారపడటం తెలివైన పని. క్యాసినో కార్డుకు కేబిన్‌లో తోడున్నవాళ్లతో సంబంధం లేదు.

వీడియో పోకర్ ఆడేవాళ్లకు పాయింట్లు సగం వేగంతోనే వస్తాయి, ప్రైమ్‌కు 25,000 డాలర్ల పందెం కావాలి. కానీ నష్టం ఎంతన్నది మెషీన్ చెల్లింపు పట్టికే చెబుతుంది. జాక్స్ ఆర్ బెటర్ ఆటలో ఒక్క నాణేనికి ఫుల్ హౌస్ ఎంత, ఫ్లష్ ఎంత ఇస్తుందో తెర పైభాగంలో చూడండి. 9, 6 ఉంటే సరిగ్గా ఆడేవాళ్లకు 99.54 శాతం తిరిగి వస్తుంది, అంటే 25,000కు పోయేది 115 డాలర్లే. ఓడల్లో అలాంటి మెషీన్ దొరకడం అరుదు. 7, 5 అయితే 96.15 శాతం, నష్టం 960 దాటుతుంది. 6, 5 అయితే 95 శాతం, నష్టం సరిగ్గా స్లాట్ లెక్కకే వస్తుంది. కూర్చునే ముందు క్యాసినో అంతా ఒక చుట్టు తిరిగి పట్టికలు చూడటానికి పది నిమిషాలు చాలు.

టేబుల్ ఆటల సంగతి వేరు. అక్కడ పాయింట్లను పిట్ బాస్ (బల్లలను పర్యవేక్షించే ఉద్యోగి) లెక్కగడతారు, మీ సగటు పందెం, ఆడిన సమయం చూసి. అందుకని చిప్స్ కొనకముందే సీపాస్ కార్డు (ఓడలో గది తాళంగా, ఖాతాగా పనిచేసే రాయల్ కార్డు) డీలర్ ముందు పెట్టి, ఆట నమోదు చేయమని అడగాలి. అరగంట ఆడాక గుర్తొచ్చి ఇస్తే ఆ అరగంట పోయినట్టే. మొదటి పది నిమిషాల్లో వేసిన పందేన్నే సగటుగా రాసుకునే అవకాశం ఎక్కువ కాబట్టి, పందెం పెంచిన రోజున లేచే ముందు ఒకసారి అడిగి సరిచూసుకోవడం మంచిది. బ్లాక్‌జాక్‌లో బల్ల మీద ఏం రాసి ఉందో చదవాలి. బ్లాక్‌జాక్‌కు (మొదటి రెండు ముక్కల్లోనే 21 వస్తే) 3:2 చెల్లిస్తే, పద్ధతిగా ఆడేవాళ్లకు నష్టం అర శాతానికి అటూఇటూ. 6:5 అయితే అది దాదాపు 2 శాతానికి చేరుతుంది. ఓడల్లో తక్కువ పందెం బల్లలు చాలావరకు 6:5వే. 15 డాలర్ల పందెంతో గంటకు అరవై చేతులు ఆడితే 900 డాలర్లు తిరుగుతాయి, 2 శాతం చొప్పున గంటకు 18 డాలర్లు. ఆ గంటలో రెండు డ్రింకులు ఉచితంగా వస్తే వాటి ధర 33 డాలర్లు. స్లాట్లో అదే గంటకు యాభైకి పైగా పోతాయి. ఉచిత మందు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు బ్లాక్‌జాక్ బల్లే అన్నిటికన్నా లాభం. మూడు ముక్కలాట అలవాటున్నవాళ్లు త్రీ కార్డ్ పోకర్ దగ్గర ఆగుతారు. అక్కడ క్వీన్-6-4 లేదా అంతకన్నా పై చేయి ఉంటేనే ముందుకెళ్లి, మిగతావి పారేస్తే, పెట్టిన తొలి పందెం మీద క్యాసినో వాటా 3.37 శాతం. రెండు సున్నాల రూలెట్‌లో 5.26. పక్క పందేల జోలికి వెళ్లకపోతే మేలు.

కార్నివాల్‌లో పద్ధతి వేరుగా ఉంటుంది. డ్రింక్స్ ఆన్ అస్ అనే కార్డు ఇస్తారు. కొందరికి ఆఫర్‌తోపాటే వస్తుంది, మిగతావాళ్లు ఆ ప్రయాణంలో ఆడి సంపాదించుకోవాలి. మొదటి రాత్రి క్యాసినో తెరవగానే హోస్ట్ (ఆటగాళ్ల వ్యవహారాలు చూసే క్యాసినో ఉద్యోగి) దగ్గరికి వెళ్లి, ఈ సెయిలింగ్‌లో ఆ కార్డుకు ఎన్ని పాయింట్లు కావాలని నేరుగా అడగండి. సమాధానంలో సంఖ్య వస్తే రాసుకోండి, చేరుకున్న రోజున మళ్లీ వెళ్లి అడిగి తీసుకోండి. వాళ్లంతట వాళ్లు తెచ్చి ఇస్తారని కూర్చుంటే రెండు మూడు రోజులు ఊరికే పోతాయి. కొత్తగా వెళ్లేవాళ్లకు రాయల్ కన్నా ఇదే అనుకూలం, ఏడాది పాయింట్ల గొడవ లేకుండా ఆ వారంలోనే తేలిపోతుంది. కార్నివాల్ ఛీర్స్ ప్యాకేజీకి 24 గంటల్లో 15 మద్యం డ్రింకుల పరిమితి కూడా ఉంది. ఆ ప్యాకేజీ ఇప్పటికే కొన్నవాళ్లు కార్డు కోసం ఆట పెంచడంలో అర్థం లేదు.

నార్వేజియన్‌లో చాలామంది టికెట్‌తోపాటే డ్రింక్ ప్యాకేజీ తీసుకుని ఎక్కుతారు, దాని మీద 20 శాతం సర్వీసు ఛార్జీ మాత్రం విడిగా కడతారు. అలాంటప్పుడు క్యాసినో మందు గురించి ఆలోచించనే అక్కర్లేదు. సెలబ్రిటీ క్రూజెస్ కంపెనీ క్యాసినో క్లబ్బు పేరు బ్లూ చిప్. అది రాయల్ కరీబియన్ గ్రూపుదే కాబట్టి ఒకదాని స్థాయి రెండోదానిలోనూ పనికొస్తుంది. డిస్నీ ఓడల్లో క్యాసినోయే లేదు. హవాయి దీవుల చుట్టూ తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికాలోనూ లేదు.

కార్డు ఉన్నా బిల్లు పడే సందర్భాలున్నాయి. ఉచితం క్యాసినో తెరిచి ఉన్నప్పుడే. ఓడ రేవులో ఉండగా క్యాసినో మూసేస్తారు, తీరం దాటి కొంత దూరం వెళ్లాకే తెరుస్తారు. (బెర్ముడా ఒక మినహాయింపు, అక్కడ రాత్రి రేవులో నిలిచే ఓడలకు 2013 నుంచి చట్టం అనుమతిస్తోంది.) అందుకే రోజుకో రేవు ఉండే మూడు రాత్రుల బహామాస్ ప్రయాణంలో ఈ సౌకర్యం విలువ తక్కువ. గాల్వెస్టన్ నుంచి కోజుమెల్, కోస్టా మాయా, రోటాన్ వైపు వెళ్లే ఏడు రాత్రుల ప్రయాణాల్లో రెండు మూడు రోజులు పూర్తిగా సముద్రం మీదే గడుస్తాయి, అక్కడ విలువ ఎక్కువ. డాలస్, హ్యూస్టన్ వాళ్లకు విమానం ఖర్చు కూడా ఉండదు. కాకపోతే ఓడ ఇంకా టెక్సాస్ రేవులో ఉండగా కొనే మందు మీద రాష్ట్ర పన్ను పడుతుంది.

కార్డు పనిచేసేది క్యాసినో బార్‌లోనూ, క్యాసినో లోపల తిరిగే వెయిటర్ల దగ్గరా. నాలుగడుగుల అవతల ఉన్న లాంజ్ బార్ వేరే లెక్క. ఆర్డర్ ఇచ్చేటప్పుడే క్యాసినో కార్డు మీద ఇస్తున్నారా అని అడిగి, రసీదులో సున్నా ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. ఖరీదైన సింగిల్ మాల్ట్ అడిగితే తేడా కట్టాల్సి రావచ్చు, పోయకముందే ధర కనుక్కోవాలి. పక్కన నిలబడ్డ మిత్రుడి కోసం మీ కార్డు మీద రెండో గ్లాసు తీసుకోవడం నియమాలకు విరుద్ధం, కార్డు రద్దు చేసే ప్రమాదం ఉంది. మందు తాగనివాళ్లు కోక్, జ్యూస్, నీళ్ల సీసా ఇదే కార్డు మీద అడగొచ్చు, చాలామందికి ఆ ఆలోచనే రాదు. ఉచిత డ్రింకుకు సర్వీసు ఛార్జీ పడదు గనుక తెచ్చినవాళ్లకు చేతికి డాలర్ ఇవ్వడం మర్యాద. ఇంటి నుంచి ఒక్కో డాలర్ నోట్లు ఓ యాభై తీసుకెళ్లండి, ఓడలో చిల్లర దొరకడం కష్టం.

డబ్బు ఎలా తీసుకుంటున్నారో కూడా చూసుకోవాలి. గది ఖాతా మీద చిప్స్ గానీ స్లాట్ క్రెడిట్ గానీ తీసుకుంటే చాలా ఓడల్లో 3 నుంచి 5 శాతం రుసుము వేస్తారు. 1,000 డాలర్లకు 50 పోతే మూడు కాక్‌టెయిళ్లు కొన్నట్టే. నగదు తెచ్చి క్యాషియర్ దగ్గర మార్చుకుంటే ఆ రుసుము ఉండదు. రోజుకు ఇంత అని విడివిడి కవర్లలో పెట్టుకుని, మిగతావి కేబిన్ లాకర్‌లో వదిలి రండి. ఉచిత గ్లాసు మూడోదయ్యాక పందెం పెరగడం మామూలే, అప్పుడు కవరే ఆపాలి.

పాయింట్ల విషయంలో జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ కార్డు దగ్గరే. మెషీన్లో కార్డు సరిగా కూర్చోకపోతే ఆట లెక్కలోకి రాదు, తెర మీద మీ పేరు కనిపించాకే మొదలుపెట్టాలి. భార్యాభర్తల పాయింట్లు కలవవు. ఇద్దరూ చెరో 1,500 సంపాదిస్తే ఇద్దరూ ప్రైమ్ కారు. ఒకరి కార్డును ఇద్దరూ వాడటం కూడా సరికాదు, పెద్ద గెలుపు వచ్చినప్పుడు గుర్తింపు దగ్గర చిక్కొస్తుంది. ఓడ వాళ్లు ఇచ్చిన ఫ్రీ ప్లే (ఉచితంగా ఆడుకోమని ఇచ్చే క్రెడిట్) తిప్పితే పాయింట్లు రావు, అందులో గెలిచినది తిప్పితే వస్తాయి.

క్లబ్ రోయాల్ సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది, పాయింట్లు ఏప్రిల్ 1న సున్నా అవుతాయి. వచ్చిన స్థాయి ఆ ఏడాదికీ తర్వాతి ఏడాదికీ ఉంటుంది. కాబట్టి ఏటా రెండు ప్రయాణాలు చేసేవాళ్లు ఏప్రిల్, మే నెలల్లోనే ప్రైమ్ దాటితే ఎక్కువ ప్రయాణాలకు అది పనికొస్తుంది. 1,250 డాలర్ల నష్టాన్ని నాలుగు ప్రయాణాలకు పంచితే ఒక్కోదానికి 312 పడుతుంది, అప్పుడు ప్యాకేజీ కన్నా నయమే. మార్చిలో వెళ్తూ 2,500కు ఇంకా 1,500 తక్కువున్నవాళ్లు మాత్రం వాటి కోసం పరుగెత్తకూడదు.

ఆటే ఆడనివాళ్లకు ఇంకో చిన్న దారి ఉంది. రాయల్‌లోనూ కార్నివాల్‌లోనూ ఎక్కే రోజున పెద్దవాళ్లు ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి చేతి సంచిలో తెచ్చుకోవచ్చు. కేబిన్‌లో తాగితే ఏ రుసుమూ ఉండదు.

ఆఖరి రాత్రి క్యాసినో మూసేలోపే హోస్ట్ డెస్క్‌కు వెళ్లి మీ మొత్తం పాయింట్లు కాగితం మీద తీసుకోండి. టేబుల్ ఆటల పాయింట్లలో తప్పుంటే సరిదిద్దించుకోవడానికి అదే సమయం, దిగాక ఈమెయిళ్లతో అది తేలదు. తర్వాతి ప్రయాణానికి ఏమైనా ఆఫర్ వచ్చిందా, అందులో క్యాసినో మందు రాసి ఉందా అని కూడా అప్పుడే అడగండి.