నెబ్బియోలో: రంగు చూసి తేలిగ్గా తీసుకోవద్దు

ఈ వైన్‌ను గ్లాసులో పోస్తే పలచగా, అంచుల్లో ఇటుక రంగు తిరిగి కనిపిస్తుంది. తేలికపాటి వైనే కదా అని గుక్క వేస్తే పచ్చి జామకాయ కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఇటలీలోని పీడ్‌మాంట్ ద్రాక్ష నెబ్బియోలో తీరే అంత: రంగు తక్కువ, వగరూ పులుపూ ఎక్కువ.

నెబ్బియోలోతో చేసే పేరున్న వైన్ బరోలో. ఆ పేరు పెట్టాలంటే మొత్తం ఈ ద్రాక్షే వాడాలి. కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. లా మోర్రా ఊరి బరోలో కాస్త మెత్తన, పూల వాసన ముందుకొస్తుంది. సెర్రలుంగా దాల్బా ఊరిది మొండిఘటం, పదేళ్లు ఆగితే గాని లొంగదు. కొత్తవాళ్లు లాంగే నెబ్బియోలోతో (బరోలో ఉన్న లాంగే కొండల్లోనే ఇదే ద్రాక్షతో చేసే వైన్) మొదలుపెట్టడం మేలు: ధర తక్కువ, త్వరగా తాగొచ్చు.

లేత బరోలోను రెండు గంటల ముందే డికాంటర్‌లో (గాలి తగిలేలా వైన్ వంపే గాజు కూజాలో) పోయాలి. పాతదైతే సీసాను ఒక రోజు నిలబెట్టి, మడ్డి కదలకుండా వంచాలి. పాతదానికి ఎక్కువసేపు గాలి తగిలితే వాసన ఎగిరిపోతుంది. 16-18 డిగ్రీల చల్లదనం చాలు. హైదరాబాద్ ఎండాకాలంలో గది వేడి 30 దాటుతుంది కాబట్టి కాసేపు ఫ్రిజ్ తప్పదు. మరీ చల్లబడితే మాత్రం వగరు ఇంకా పెరుగుతుంది. మిరపకారం దీనికి పడదు. గోంగూర మాంసం పక్కన పెడితే రెండూ చెడతాయి. కారం తగ్గించి నెమ్మదిగా ఉడికించిన కొవ్వు మటన్ బాగా కుదురుతుంది.