ఆరేళ్లుగా ప్లేట్‌లెట్లు ఇస్తున్నాను: రక్తం గడ్డకట్టడంలో తేడా వచ్చిందా?

మాది విజయనగరం. ఫోన్ వస్తే తెల్లవారుజామున బస్సెక్కి విశాఖ వెళ్లి ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, ఇచ్చి వస్తాను. ఆరేళ్లలో 31 సార్లు ఇచ్చాను. మొదటిసారి ఇంటికి రాగానే అమ్మ అడిగింది: "ఏటిరా, గడ్డకట్టించేవే ఇచ్చేసి వచ్చావు. రేపు దెబ్బ తగిలితే రక్తం ఆగుద్దా?"

నాకూ అదే టెన్షన్. మర్నాడు గడ్డం గీసుకుంటుంటే చుబుకం తెగింది. దూది నొక్కిపెట్టి గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఎప్పటిలాగే రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయింది.

లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ప్లేట్‌లెట్ల కౌంట్ లక్షన్నర దాటితేనే మన దగ్గర తీసుకుంటారు. ఒకసారి ఇస్తే పోయేది సుమారు పావు వంతు. ఆ రోజు నాకు 2.4 లక్షలు ఉంటే, ఇచ్చాక 1.8 లక్షలు వచ్చింది. పెద్ద ఆపరేషన్లకే 50 వేలు సాధారణంగా సరిపోతాయంటారు డాక్టర్లు. తగ్గినవి కొద్ది రోజుల్లోనే మళ్లీ తయారవుతాయి.

ఇబ్బంది పెట్టేది సిట్రేట్. మన రక్తాన్ని మెషీన్‌లోకి పంపి ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది మనకే తిరిగి ఎక్కిస్తారు. ఆ మెషీన్‌లో రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు. తిరిగి ఎక్కించే రక్తంతో కొంత మన ఒంట్లోకి వచ్చి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పెదాలు చిమచిమలాడతాయి, వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి. చెప్పగానే స్పీడ్ తగ్గించి కాల్షియం మాత్ర ఇస్తారు. దయచేసి ఓర్చుకుని ఊరుకోకండి, వెంటనే చెప్పండి. ఒంట్లోకి వచ్చిన సిట్రేట్‌ను కాలేయం త్వరగానే కరిగించేస్తుంది కాబట్టి దానివల్ల ఇంటికొచ్చాక రక్తం కారుతుందన్న భయం అక్కర్లేదు.

ఒక్కసారి మాత్రం మోచేతి మడతలో నిమ్మకాయంత వాపు వచ్చి, చుట్టూ వంకాయ రంగు మచ్చ పది రోజులు పోలేదు. అది ప్లేట్‌లెట్లు తగ్గి కాదు. సూది తీసిన చోట సరిగా నొక్కకుండానే హడావుడిగా ప్లాస్టర్ వేసి పంపేశారు. అప్పటినుంచి చెయ్యి మడవకుండా, పది నిమిషాలు నేనే గట్టిగా నొక్కిపెడుతున్నాను. ఆ రోజు ఆ చేత్తో గ్యాస్ బండ కూడా ఎత్తను.

ఆస్ప్రిన్ ప్లేట్‌లెట్ల పనిని దెబ్బతీస్తుంది కాబట్టి, అది వేసుకుంటే మూడు రోజులు ఆగాలి. మన ప్లేట్‌లెట్లు పనిచేయకపోతే తీసుకున్న రోగికి ఏం లాభం? రెండుసార్ల మధ్య కనీసం 48 గంటలు, ఏడాదికి 24 సార్లకు మించకూడదన్నది నిబంధన. నేనైతే నెలన్నర దాటాకే వెళ్తాను.

కాల్షియం మాట విన్నప్పటినుంచి అమ్మ, నేను బయల్దేరే రోజు చీకటితోనే లేచి చోడి (రాగి) అంబలి కాస్తోంది.