కాలేజీ స్పోర్ట్స్ రిక్రూటింగ్ సర్వీసుకు కార్డు నంబరు ఇచ్చేముందు ఇది చదవండి

అమెరికాలో పిల్లల్ని టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్ అంటూ వీకెండ్లన్నీ టోర్నమెంట్లకు తిప్పుతున్న మన తెలుగు అమ్మానాన్నల కోసం రాస్తున్నాను. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో గ్రేడ్, టెన్నిస్ ఆడుతుంది. కిందటి మార్చిలో, పిల్లల్ని కాలేజీ కోచ్‌ల కంట్లో పడేలా చేస్తామనే ఒక రిక్రూటింగ్ సర్వీసుతో 3,400 డాలర్లకు ఒప్పందం రాసుకున్నాం. 600 అప్పటికప్పుడు, మిగతాది నెలకు 200 చొప్పున 14 వాయిదాలు. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి చాలా ఉన్నాయి, నేను విన్నంతవరకు అమ్మే పద్ధతి దాదాపు ఒకటే.

మొదట మా పిల్లే వాళ్ల సైట్లో ఉచిత ప్రొఫైల్ పెట్టుకుంది. రెండు రోజుల్లో ఫోన్. "ఒక కాలేజీ కోచ్ మీ అమ్మాయి ప్రొఫైల్ చూశారు, జూమ్‌లో మాట్లాడదాం, అమ్మా నాన్నా పిల్లా ముగ్గురూ ఉండాలి" అన్నారు. మావారికి ఆ రోజు మీటింగ్ ఉందంటే కాల్ వాయిదా వేశారు కానీ ముగ్గురూ ఉండాలన్న మాట మాత్రం వదల్లేదు. అదెందుకో తర్వాత అర్థమైంది. "మావారిని అడిగి చెప్తాను" అని తప్పించుకునే దారి ఉండకూడదు కదా!

కాల్‌లో వాళ్ల సేల్స్‌మన్ ముందు పిల్లనే అడిగాడు, కాలేజీలో ఆడటం నీకు ఎంత ముఖ్యం, పదికి ఎన్ని మార్కులేస్తావని. పది అంది. అప్పుడు మా వైపు తిరిగి ప్యాకేజీల ధరలు చూపించాడు. కూరగాయల దగ్గర బేరమాడే నేను, కూతురు పక్కన ఉండగా నోరెత్తలేకపోయాను. పైగా ఆ రోజే చేరితే 500 డాలర్లు తగ్గింపు. పదో తరగతి పరీక్షలు కాకముందే సీటు బుక్ చేసుకోమని ఇంటికొచ్చే మన కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు గుర్తుకురావాల్సింది. రాలేదు.

ఇంకో తంత్రం జూన్ 15. పదో గ్రేడ్ అయ్యాక ఆ తేదీ నుంచి డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి) కోచ్‌లు పిల్లలకు నేరుగా మెయిల్ చేయొచ్చు, ఫోన్ చేయొచ్చు. చాలా ఆటలకు ఆ రూలు నిజమే. అయితే "అప్పటికి మా ప్లాట్‌ఫారంలో లేకపోతే ఆలస్యమైనట్టే" అని ఆయన కలిపిన ముక్క మాత్రం నిజం కాదు. జూన్ 15న మా పిల్ల పొద్దున్నుంచి ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఒక్క మెసేజ్ రాలేదు. రాత్రి భోజనం కూడా సరిగా చేయలేదు.

మరి ఆ డబ్బుకు ఏం వచ్చిందంటే, ఒక ప్రొఫైల్ పేజీ, మేం తీసిన వీడియోనే కత్తిరించి పాట కలిపిన ఇంకో వీడియో, వందలాది కాలేజీలకు ఒకే మూసలో వెళ్లిన మెయిళ్లు. అందులో ఒక కాలేజీకి అమ్మాయిల టెన్నిస్ జట్టే లేదు! "మీ ప్రొఫైల్‌ను కోచ్ చూశారు" అని వారం వారం అలర్టులు వచ్చేవి, అవి చూసి మేమే మురిసిపోయేవాళ్లం. వాళ్లిచ్చిన టార్గెట్ లిస్టు ఇంకా ఘోరం. మా అమ్మాయి యూటీఆర్ (టెన్నిస్ ఆడేవాళ్ల స్థాయి చెప్పే రేటింగ్) అప్పుడు 6.8. లిస్టులో మొదటి పది కాలేజీల్లో ఆడేవాళ్లందరూ 10 పైన. ఏ జట్టులో ఎవరి రేటింగ్ ఎంతో యూటీఆర్ సైట్లో చూసుకోవచ్చు. అరగంట పని. మేం డబ్బు కట్టాక చూశాం.

కాల్‌లో ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. డివిజన్ 3 కాలేజీల్లో స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పే ఉండదు, ఐవీ లీగ్‌లోనూ ఉండదు. అక్కడ వచ్చేది మార్కుల మీదో ఇంటి ఆదాయం మీదో ఇచ్చే సాయమే. కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (రాజీ) తర్వాత, అందులో చేరిన డివిజన్ 1 కాలేజీల్లో జట్టు సైజుకే పరిమితి పెట్టారు. అమ్మాయిల టెన్నిస్‌కు అది 10 మంది. ఆ పది చోట్ల కోసం విదేశాల నుంచి వచ్చేవాళ్లు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వేరే కాలేజీ నుంచి మారేవాళ్లు కూడా పోటీలో ఉంటారు. హెచ్4 డిపెండెంట్ వీసాలో ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం రాదు కాబట్టి మన ఇళ్లలో "స్పోర్ట్స్ స్కాలర్‌షిప్" అన్న మాటకు త్వరగా పడిపోతాం. అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మాకు కాదు, మాకు తెలిసిన ఒకాయనకు ఎదురైంది. "ముందు ఏమీ కట్టొద్దు, స్కాలర్‌షిప్ వస్తే అందులో ఇంత శాతం ఇవ్వండి" అన్నాడట ఒక ఏజెంటు. వినడానికి ఇదే న్యాయంగా ఉంది కదా! కానీ కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం పిల్లల వివరాలు కాలేజీలకు పంపినందుకు మామూలు ఫీజు తీసుకోవచ్చు గానీ, స్కాలర్‌షిప్‌తో సీటు ఇప్పించడానికి ముడిపెట్టిన ఫీజు తీసుకోకూడదు. అలా ఒప్పుకుంటే పిల్ల ఎలిజిబిలిటీకే ఎసరు. హైదరాబాద్, విజయవాడ నుంచి పిల్లల్ని ఇక్కడి కాలేజీలకు పంపాలనుకునేవాళ్లు ఏజెంట్లతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఆగస్టులో ఆపేద్దామని అడిగితే కాంట్రాక్టు చూపించారు. సర్వీసు వాడినా వాడకపోయినా వాయిదాలు కట్టాల్సిందేనట. మూడు రోజుల్లో రద్దు చేసుకునే ఫెడరల్ రూలు ఒకటుంది. అది సేల్స్‌మన్ ఇంటికొచ్చో హోటల్ గదిలోనో అమ్మినప్పుడే పనిచేస్తుంది. పూర్తిగా ఆన్‌లైన్లోనో ఫోన్లోనో కొన్నదానికి వర్తించదు. మాది జూమ్.

ఆ తర్వాత మా పిల్లే 30 కాలేజీలు ఎంచుకుని సొంతంగా మెయిళ్లు రాసింది. సబ్జెక్టులో గ్రాడ్యుయేషన్ సంవత్సరం, యూటీఆర్. లోపల మార్కులు, వచ్చే టోర్నమెంట్ల తేదీలు, ఆ కాలేజీలోనే ఎందుకు చదవాలనుకుంటోందో రెండు ముక్కలు. వీడియో కోర్టు వెనక ఫెన్సుకు ఫోన్ తగిలించి తీసిందే, పాటల్లేవు. కాలేజీ జట్ల సైట్లలో ఉండే రిక్రూట్ ఫారాలు కూడా నింపింది, అవి ఉచితం. ఏడుగురు జవాబిచ్చారు. వాళ్లలో ఒక డివిజన్ 3 కోచ్‌ను మా సర్వీసు మెయిల్ అందిందా అని అడిగితే, అలాంటివి రోజూ వస్తాయని, పిల్లలు స్వయంగా రాసినవే చదువుతానని చెప్పారు. ఆవిడే ఈ వేసవిలో అడ్మిషన్స్ ప్రీ-రీడ్ (దరఖాస్తుకు ముందే అడ్మిషన్లవాళ్లు మార్కులు చూసి అవకాశం చెప్పడం) కోసం ట్రాన్‌స్క్రిప్ట్ పంపమన్నారు.

ఈ సర్వీసులన్నీ దండగేనా అని అడిగితే, ఈ వ్యవస్థ గురించి బొత్తిగా తెలియనివాళ్లకు, పిల్ల స్థాయి ఎంతో నిక్కచ్చిగా చెప్పే మనిషి దొరికితే గంటకింత అని ఇవ్వచ్చు. మాకు ఆ మాట మా టెన్నిస్ కోచ్ ఊరికే చెప్పారు. ఆయన్ని ముందే అడగాల్సింది.

కాంట్రాక్టు చేతికి వస్తే మొదట రద్దు గురించిన పేరా చదవండి. అది పూర్తయ్యేదాకా వాళ్ల తగ్గింపు ఆగకపోతే పోనివ్వండి. మాకు ఇంకా ఏప్రిల్, మే వాయిదాలు ఉన్నాయి.