ఆన్‌లైన్ ఎల్‌ఎల్‌బీ అంటూ డబ్బు కట్టించుకుంటున్నారు, జాగ్రత్త!

నల్లకోటు వేసుకున్న అమ్మాయి బొమ్మ, కింద "ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచే ఎల్‌ఎల్‌బీ" అని ఇన్‌స్టాలో వచ్చే యాడ్ మీరూ చూసే ఉంటారు. వాళ్లకే నేను 48 వేలు కట్టాను. ఆ డబ్బు తిరిగి ఇచ్చేది లేదని ఇవాళ మొహం మీదే చెప్పేశారు.

నాది ఫార్మా కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం. పీఎఫ్, గ్రాట్యుటీ గొడవలు రోజూ చూస్తుంటాను కాబట్టి లా చదవాలని ఎప్పటి నుంచో కోరిక. డబ్బు కట్టకముందు కౌన్సెలర్ ఎంత మర్యాదగా మాట్లాడాడో! "అటెండెన్స్ మేం చూసుకుంటాం సార్, పరీక్షలకు వస్తే చాలు. మూడేళ్లయ్యాక బార్ కౌన్సిల్‌లో లాయర్‌గా ఎన్‌రోల్ అయిపోవచ్చు."

తీరా రసీదు చూస్తే ఎల్‌ఎల్‌బీ అన్న మాటే లేదు. "లీగల్ స్కిల్స్ సర్టిఫికెట్ ప్రోగ్రామ్, నాన్ రీఫండబుల్" అని ఉంది. ఏ యూనివర్సిటీ, బార్ కౌన్సిల్ అనుమతి లెటర్ ఏదీ అని ఫోన్ చేసి అడిగాను. అదే మనిషి, "మీరు లాయర్ అవుతారని మేమేమైనా రాసిచ్చామా? చదువుకున్నవాళ్లు, చూసుకుని కట్టాలి కదా" అన్నాడు. సార్ అనడం కూడా మానేశాడు. అతను అలా మాట్లాడుతుండగానే వెనక ఒకావిడ ఇంకెవరికో "పరీక్షలకు వస్తే చాలు సార్" అని చెప్తోంది. నాకు స్పష్టంగా వినిపించింది. ఒళ్లు మండిపోయింది. ఆ అవతలి ఫోన్‌లో ఉన్న మనిషి కోసమే ఇది రాస్తున్నాను.

మన దేశంలో ఆన్‌లైన్‌లో గానీ, దూరవిద్యలో గానీ ఎల్‌ఎల్‌బీ చేసి లాయర్ కాలేరు. ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లోనే ఉంది. కాలేజీల్లో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టాలని 2024 సెప్టెంబరులో సర్క్యులర్ కూడా ఇచ్చారు. చదువుతూ ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి చెప్పి, యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చూపించాలని కూడా అందులోనే ఉంది. ఇక "అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనేవాడు ఏం చూసుకుంటాడు?

డిగ్రీ ఉంటే లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరండి. లాయర్ కావాలని లేదు, చట్టం తెలిస్తే చాలు అనుకుంటే హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో సైబర్ లా లాంటివాటికి దూరవిద్య డిప్లొమాలు ఉన్నాయి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వినియోగదారుల కమిషన్‌లో కేసు కూడా వేస్తున్నాను. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. మీరూ కట్టి ఉంటే ఆ వాట్సాప్ చాట్లు, రసీదులు డిలీట్ చేయకండి.