పొట్టి కాళ్లకు, లావు పిక్కలకు పొడుగు రైడింగ్ బూట్లు: కర్నూలులో మార్పించుకున్నాక నా రివ్యూ

మోకాలి కిందిదాకా వచ్చే బైక్ బూట్లు కొనాలనుకునే పొట్టివాళ్లు, అందులోనూ పిక్కలు లావుగా ఉన్నవాళ్లు, ఇది చదివాక డబ్బు తీయండి. నేను బూట్లు హైదరాబాదులో కొన్నాను, వాటి పైభాగాన్ని కర్నూలు పాతబస్తీలో బూట్లు కుట్టే ఒక భాయ్ దగ్గర వెడల్పు చేయించాను, ఎండాకాలం, వానాకాలం రెండూ చూశాక రాస్తున్నాను. కాబట్టి ఇందులో సగం బూట్ల సంగతి, సగం ఆ భాయ్ పని సంగతి. అసలు మాట ముందే చెప్పేస్తాను. పిక్క పట్టడం లేదని పాదం సైజు పెంచి కొనొద్దు. పాదానికి, చీలమండకి సరిగ్గా కూర్చునే బూటు కొని పైభాగం మార్పించుకోండి. కాకపోతే అన్ని బూట్లూ మార్చడానికి పనికిరావు, అదే ఇక్కడ పెద్ద విషయం.

నా కొలతలు చెబితే మీ కాళ్లతో పోల్చుకోవచ్చు. పాదం యూరోపియన్ లెక్కలో 38. పిక్క లావైన చోట చుట్టుకొలత 43 సెంటీమీటర్లు, రైడింగ్ ప్యాంటు మీద కొలిస్తే 45. కుర్చీలో కూర్చుని మోకాలు లంబకోణంలో మడిచి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిస్తే 36. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లు కాబట్టి నాకు రెండు పాదాలూ నేలకి ఆనతాయి.

ఇంత ఎత్తు బూటు దేనికి అని ఇంట్లోనూ అడిగారు, షాపులోనూ అడిగారు. మన రోడ్లు తెలిసినవాళ్లు ఎవరూ అడగరనుకుంటాను. హైవే మీద లారీ చక్రం కింద నుంచి ఎగిరొచ్చే కంకర నేరుగా మోకాలి కింది ఎముకకే తగులుతుంది, ఊళ్లలోకి తిరిగితే దారికి రెండు పక్కలా తుమ్మ కంప, ట్రాఫిక్‌లో ఇంజను వేడి పిక్కల్ని కాలుస్తుంది. బేతంచెర్ల వైపు పోతే ఇంకో తలనొప్పి. అక్కడ బండలు పాలిష్ పట్టే యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి రాతిపొడి రోడ్డు మీద పడి, నాలుగు చినుకులు పడగానే జారుడు బురదవుతుంది. అక్కడ ఆగినప్పుడు కాలు జారిందంటే బండి బరువంతా చీలమండ మీదే. మామూలు షూ వేసుకుని ఆ రోడ్డు మీద కాలు పెట్టాలంటే నాకు టెన్షన్.

ఇప్పుడు సమస్యకి వద్దాం. పొట్టి కాళ్లు ఒక సమస్య, లావు పిక్కలు ఇంకో సమస్య అని అందరూ విడివిడిగా చెబుతారు, బూటు విషయంలో మాత్రం రెండూ ఒకటే. కంపెనీలు పాదం సైజుని బట్టే పిక్క వెడల్పు, ఎత్తు పెంచుతూ పోతాయి. చిన్న పాదం అంటే సన్న పిక్క అని వాళ్ల లెక్క. పైగా కాలు పొడుగ్గా ఉన్న మనిషికి బూటు పైఅంచు పిక్క లావెక్కడం మొదలయ్యే చోట ఆగిపోతుంది, అదే బూటు నాలాంటివాళ్లు తొడుక్కుంటే అంచు పిక్కలో అన్నిటికంటే లావైన చోటు దాటి పైకి పోతుంది. అందుకే జిప్పు సగం దాకా హాయిగా వచ్చి అక్కడ మొండికేస్తుంది. అదే పిక్క ఉన్న పొడుగు మనిషికి ఆ బూటు పట్టేయొచ్చు కూడా. మా కడప ఫ్రెండు ఒకామెకి చుట్టుకొలత నాకంటే కాస్తే తక్కువ, మనిషి ఆరడుగులకి దగ్గర, ఆమెకి ఈ బాధే లేదు.

హైదరాబాదులో ఒక పెద్ద గేర్ షాపులో సేల్స్ కుర్రాడు చెప్పిన మాట విని నాకు నిజంగా కోపం వచ్చింది. "మేడం, 40 తీసుకోండి, రెండు సాక్సులు వేసుకుంటే సెట్ అయిపోతుంది" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, కానీ ఎంత తప్పుడు సలహానో చూడండి. బూటు లోపల చీలమండకి రెండు పక్కలా గట్టి కప్పులు ఉంటాయి, అవి ఎముక మీద కూర్చుంటేనే దెబ్బ ఆపుతాయి. పాదం వదులైతే కప్పు ఒక చోట, ఎముక ఇంకో చోట. నడుస్తుంటే మడమ పైకి లేస్తుంది, బూటు మడత పడే చోటు మన వేళ్లు మడిచే చోటుకి రాదు, ముందు భాగం పొడుగై గేర్ లివర్ కిందికి దూర్చేటప్పుడు తట్టుకుంటుంది. వేల రూపాయలు పోసి రక్షణ కోసం కొంటూ, ఆ రక్షణ జరిగిపోయే సైజు కొనడం ఏం న్యాయం? ఆన్‌లైన్‌లో కూడా ఇదే గోల, సైజు చార్టులో పాదం పొడవు తప్ప పిక్క కొలత రాసే కంపెనీలు చాలా తక్కువ. మెయిల్ పెట్టి అడిగితే ఒక కంపెనీ నాకు మళ్లీ ఆ పాదం చార్టే పంపింది.

గుర్రపు స్వారీ బూట్ల వాళ్లు ఈ విషయంలో ఎంతో నయం. అక్కడ పాదం సైజు ఒకటి, ఎత్తు ఒకటి, పిక్క వెడల్పు ఒకటి, మూడూ విడివిడిగా ఎంచుకునేలా అమ్ముతారు, కొలతలిస్తే కుట్టిచ్చేవాళ్లూ ఉన్నారు. కాన్పూరులో జీనులు, పగ్గాలు, తోలు సామాను ఎన్నో తరాలుగా తయారు చేసి విదేశాలకి పంపుతున్నారు, మన పక్కనే తమిళనాడులో ఆంబూరు, రాణిపేట నిండా తోలు పరిశ్రమే. ఇంత పనితనం దేశంలో ఉండి, బైక్ బూటుకి పిక్క వెడల్పు అనే ఒక్క కొలత చేర్చడం కష్టమా అనిపిస్తుంది. అయితే గుర్రం వాళ్ల సలహాలన్నీ మనకి వర్తించవు. వాళ్ల తోలు బూటు వాడేకొద్దీ చీలమండ దగ్గర ముడతలు పడి కిందికి దిగుతుంది, అందుకే కొత్తలో కాస్త ఎత్తుగా ఉన్నదే తీసుకోమంటారు. బైక్ బూటులో ముందు గట్టి ప్లేటు ఉంటుంది, అది అంతగా దిగదు. మోకాలి వెనక గుచ్చుకునే బూటు కొన్నారంటే అది గుచ్చుతూనే ఉంటుంది. మోటోక్రాస్ బూట్లు నాకు అందుకే కుదరలేదు. నిలబడితే బాగానే ఉన్నాయి, సీటు మీద కూర్చుని మోకాలు మడవగానే అంచు నరం మీద ఒత్తింది.

కొనేటప్పుడు చూడాల్సిన ఇంకో వస్తువు లోపల కుట్టిన చిన్న గుడ్డ ముక్క. అందులో బైకు బొమ్మ, ఈఎన్ 13634 అనే యూరప్ ప్రమాణం నంబరు, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది బూటు ఎత్తు, రెండోది రోడ్డు మీద రాపిడి తట్టుకునే శక్తి, మూడోది కోత తట్టుకోవడం, నాలుగోది పాదం అడ్డంగా నలగకుండా ఆపే గట్టిదనం. ప్రతి దానికీ 1 గాని 2 గాని ఇస్తారు, 2 అంటే మెరుగు. ఇందులో మనకి పనికొచ్చేది ఏమిటంటే, మొదటి అంకె ఎత్తుకి మాత్రమే సంబంధించింది. అక్కడ 1 ఉండి మిగతా మూడూ 2 ఉంటే పొట్టి కాళ్లవాళ్లకి అది మంచి బూటే, షాపు వాళ్లు "ఇది తక్కువ రకం" అంటే నమ్మకండి. ఐపీఎస్ అని రాసి ఉంటే కాలి ముందు ఎముకకి, ఐపీఏ అని ఉంటే చీలమండకి దెబ్బ పరీక్ష చేశారని అర్థం. ఫోర్మా లాంటి ఇటలీ కంపెనీ తన అడ్వెంచర్ బూటుని తక్కువ ఎత్తులో 'లో' అనే పేరుతో కూడా అమ్ముతుంది, ఎత్తు ఒక్కటే ఇబ్బంది అయినవాళ్లు అలాంటివి చూసుకుంటే మార్పించే పని కూడా ఉండదు.

నాకు కాలంతా కప్పేదే కావాలి. చివరికి తీసుకున్నది బయటి ఎత్తు 34 సెంటీమీటర్లు ఉన్న తోలు టూరింగ్ బూటు, పదహారు వేల చిల్లర. పాదం, మడమ, చీలమండ అచ్చం నా కోసం పోత పోసినట్టు కూర్చున్నాయి, జిప్పు మాత్రం పై నాలుగు వేళ్ల మేర పడలేదు. తెలిసే కొన్నాను, ఎందుకంటే దాని వెనక భాగం మొత్తం ఒకే తోలు పలక, నడి మధ్యలో నిలువు కుట్టు, అందులో ప్లాస్టిక్ గాని గట్టి ప్లేటు గాని లేవు. మార్పించడానికి పనికొచ్చే బూటు అంటే ఇదే. లోపల నీళ్లు దూరకుండా గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నది కొంటే కోసిన చోట ఆ పొర చిరిగిపోతుంది, దానికి పెట్టిన డబ్బు వృథా. వెనక కూడా ప్లాస్టిక్ అచ్చు ఉన్న బూటుని అసలు ఎవరూ కొయ్యలేరు.

ఇక భాయ్ సంగతి. కొండారెడ్డి బురుజు దగ్గర నుంచి పాత ఊళ్లోకి పోయే సందులో చిన్న కొట్టు, బోర్డు లేదు, బయట పోలీసు బూట్లు, స్కూలు బ్యాగులు వేలాడుతుంటాయి. బూటు చేతికివ్వగానే ఆయన చేసిన మొదటి పని దాన్ని లోపలా బయటా తిప్పి చూడటం, రెండో పని "బండి యాడుంది మేడం?" అని అడగడం. బయటికొచ్చి నన్ను సీటు మీద కూర్చోబెట్టి, కాళ్లు ఫుట్‌రెస్టు మీద పెట్టించి, అప్పుడు టేపు చుట్టాడు. నిలబడితే ఒక కొలత, మోకాలు మడిస్తే ఇంకో కొలత, రెండూ చాక్‌పీసుతో చెక్క మీద రాసుకున్నాడు. రెండు కాళ్లూ కొలిచాడు, నా కుడి పిక్క కాస్త ఎక్కువే ఉంది. ఇంత పెద్ద షాపుల్లో ఒక్కరికీ తోచని పని ఇది, నాకు ఆ క్షణమే నమ్మకం కుదిరింది.

నేను ఎలాస్టిక్ పట్టీ వేయమన్నాను, ఒప్పుకోలేదు. "ఎలాస్టిక్కు మన ఎండకు ఊరికే సాగిపోతాది మేడం, మల్లా నా దగ్గరికే రావల్ల. తోలు ముక్కే వేస్తా, బెల్టు పెడతా, లావైనా సన్నమైనా మీరే సర్దుకోవచ్చు" అన్నాడు. జిప్పు ఉన్న లోపలి పక్కన ఏమీ కదపనన్నాడు, అక్కడ ఇంజను తగులుతుంది, కుడి పక్క సైలెన్సరు కూడా ఉంది. వెనక నిలువు కుట్టుని ఆరెతో జాగ్రత్తగా విప్పి, పైన వెడల్పుగా కింద కొసగా ఉండే మూడు మూలల మెత్తటి తోలు ముక్క దింపి, లోపల మేకతోలు అస్తరు వేసి, పొడుగాటి చెయ్యి ఉన్న పాత కుట్టుమిషను మీద నైలాన్ దారంతో జంట కుట్టు వేశాడు. పైఅంచున బకిల్ బెల్టు. వెల్క్రో వద్దని నేనే అన్నాను, మన చేల గట్ల మీద నడిస్తే పల్లేరు కాయలు, గడ్డి విత్తనాలు పట్టుకుని ఒక్క సీజనుకే పని చేయడం మానేస్తుంది. మొత్తం 1,800 తీసుకున్నాడు. నా లెక్కలో ఇది తక్కువే, ఇంకా అడిగినా ఇచ్చేదాన్ని.

ఇప్పుడు జిప్పు ఒక్క చేత్తో పైదాకా పోతుంది, ప్యాంటు లోపల పెట్టుకున్నా సరే. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా కూర్చున్నా పిక్కలో తిమ్మిరి లేదు. రోజంతా ప్రయాణం చేస్తే కాళ్లు ఉబ్బుతాయి కదా, దారిలో బెల్టు ఒక రంధ్రం వదులుకుంటాను. గండికోట పోయినప్పుడు కోట లోపల రాళ్ల మీద ఇవి వేసుకునే తిరిగాను, మడమ కదల్లేదు. ముందు, వెనక నొక్కే గేర్ లివర్ కాబట్టి మందం అడుగుతో కూడా ఇబ్బంది లేదు, అయినా లివర్ ఎత్తు మెకానిక్ దగ్గర కాస్త సరిచేయించాను.

లోపాలూ ఉన్నాయి. ఇస్తానన్న రోజుకి ఇవ్వలేదు, బక్రీదు ముందు రద్దీ అన్నాడు, రెండు సార్లు తిప్పించుకున్నాడు. కొత్త తోలు రంగు పాత దానితో కలవలేదు, నలుపులో నలుపే అయినా దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పెద్ద లోటు నీళ్లు. ఆత్మకూరు దాటి దోర్నాల వైపు నల్లమలలో జోరువాన పట్టుకుంటే శ్రీశైలం చేరేలోగా వెనక కుట్టు గుండా చెమ్మ దిగి సాక్సులు తడిశాయి. తర్వాత కుట్టు మీద మైనం పట్టించాక చిన్న వానకి ఆగుతోంది, గట్టి వానకి మాత్రం పైన రబ్బరు తొడుగు వేసుకోవాల్సిందే. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి, ఒకసారి కోసి కుట్టాక లోపల గుడ్డ మీద ఉన్న ఆ నాలుగు అంకెలకి కంపెనీ పూచీ ఉండదు, వారంటీ కూడా పోతుంది. ముందు ప్లేటు, చీలమండ కప్పులు, అడుగు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను ఒప్పుకున్నాను. వెనక భాగంలో కొత్త కుట్టు రోడ్డు రాపిడికి కంపెనీ కుట్టంత ఆగుతుందని చెప్పను. ఏడాది పొడవునా వానల్లో దూరాలు తిరిగేవాళ్లు ఈ దారి పట్టకుండా తక్కువ ఎత్తు బూటు, దానికి పైన మోకాలి గార్డు తీసుకోవడం మేలు.

వెళ్లేవాళ్లు సాయంత్రం పూట వెళ్లండి, కాళ్లు అప్పుడే పూర్తి లావులో ఉంటాయి, కొలత నిజంగా వస్తుంది. మీరు రోజూ వేసుకునే రైడింగ్ ప్యాంటు, సాక్సులు వేసుకుని, బండి తీసుకునే పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి కొట్టు మూసి ఉంటుంది. అడ్వాన్సు సగం అడుగుతాడు, మిగతాది బూటు తొడుక్కుని బండి మీద కూర్చుని చూసుకున్నాక ఇవ్వండి, ఆయనే అలా చూసుకోమంటాడు.