మూడేళ్ళు వాడిన మైక్రోవేవ్ గురించి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి

బీసెంట్ రోడ్డులో తీసుకున్నాం ఈ 20 లీటర్ల సోలో ఓవెన్ (అంటే గ్రిల్ లేని మామూలు రకం), మూడేళ్ళు దాటింది, పటమటలో మా ఇంట్లో రోజుకి నాలుగైదు సార్లయినా తిరుగుతుంది. వేడి చేసుకోడానికి మాత్రం బ్రహ్మాండం. రాత్రి మిగిలిన అన్నం మీద కాసిని నీళ్ళు చిలకరించి మూత వదులుగా పెడితే అప్పుడే వార్చినట్టుంటుంది. వంటలు నేను చెయ్యలేదు కాబట్టి ఆ సంగతి చెప్పను.

మా అత్తయ్యగారు వచ్చిన కొత్తలో దాన్ని ఆన్ చెయ్యగానే బాబుని చంకనేసుకుని హాల్లోకి వెళ్ళిపోయేవారు, కేన్సర్ వస్తుందని ఎవరో చెప్పారట. ఆవిడ కోసమే కూర్చుని చదివాను. ఇందులో తరంగాలు 2450 మెగాహెర్ట్జ్, ఇంచుమించు మన వైఫై ఉండే చోటే, ఎక్స్‌రే లాగా ఒంట్లో కణాల్ని దెబ్బతీసే రకం కాదు, పదార్థంలో ఉన్న నీటిని వేడెక్కిస్తాయి అంతే, స్విచ్ ఆగితే అవీ ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు. తలుపు అద్దంలో చిన్న చిన్న కంతలతో రేకు కనపడుతుంది చూడండి, ఆ కంతలు మిల్లీమీటరో రెండో ఉంటాయి, తరంగం పొడవేమో 12 సెంటీమీటర్లు, ఇంకెలా దూరుతుంది? "పిండి జల్లెడలోంచి గుమ్మడికాయ రాదుగా" అన్నారు అత్తయ్యగారు. సరిగ్గా అంతేనండి. కాకపోతే తలుపు సొట్టపడినా, కీలు వదులైనా, సరిగ్గా మూసుకోకపోయినా మాత్రం ఇక వాడకూడదు, చూపించుకోవాల్సిందే.

నా చెయ్యి కాలింది రేడియేషన్‌తో కాదు, ఉత్త నీళ్ళతో. నున్నటి గాజు మగ్గులో నీళ్ళు మూడు నిమిషాలు పెట్టా, ఒక్క బుడగ కూడా లేదు, కాగలేదేమో అనుకుని బయటికి తీసి కాఫీ పొడి వేశానో లేదో బుస్సుమని నీళ్ళన్నీ ఒక్కసారి పైకి ఎగిసి మణికట్టు మీద పడ్డాయి. ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టినా బొబ్బ వచ్చింది. నున్నటి గిన్నెలో నీళ్ళు బుడగ రాకుండానే 100 డిగ్రీలు దాటిపోతాయట, కదిలిస్తే అప్పుడు ఒక్కసారిగా పొంగుతాయి. ఇప్పుడు చెక్క చెంచా వేసి పెడుతున్నా, అయ్యాక ఓ నిమిషం ఆగి తీస్తున్నా.

బాబు పాలసీసా అందులో పెట్టడం మానేశాం, బయట చల్లగానే ఉంటుంది, లోపల పాలు మాత్రం అక్కడక్కడ సలసలా ఉంటాయి, నోరు కాలుతుంది. గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి అందులో సీసా పెడుతున్నాం. ఉడికిన గుడ్డు కూడా వద్దు, పేలుతుంది. బిర్యానీ పార్సిల్ వచ్చే పల్చటి డబ్బాలు కూడా వద్దు, గాజుదో పింగాణీదో వాడండి.

పోయిన వేసవిలో లోపల పటపటా నిప్పురవ్వలు వచ్చాయి. కుడి గోడకి గోధుమరంగు అట్టముక్కలాంటిది ఉంటుంది, దాన్ని మైకా షీట్ అంటారు, దానిమీద సాంబారు చింది ఎండి రూపాయి బిళ్ళంత మేర నల్లగా మాడింది. మెకానిక్ కొత్త షీట్ తెచ్చి కత్తెరతో కొలతకి కత్తిరించి పెట్టాడు, పది నిమిషాల పని. వెళ్తూ "అమ్మా, ప్లగ్ పీకేసినా సరే బాడీ మాత్రం విప్పొద్దు, కెపాసిటర్‌లో రెండు వేల వోల్టులు నిలవుంటాయి" అని రెండుసార్లు చెప్పాడు. అప్పుడే ప్లగ్ కూడా చూశాడు, మేము ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టాం, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, దాని పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పచ్చబడింది. 800 వాట్ల ఓవెన్ అంటే లాగేది 1200 దాకా ఉంటుందట. మర్నాడే గోడకి 16 యాంప్స్ పాయింట్ పెట్టించాం.

ఓవెన్‌కి 5కి 4 ఇస్తా. ఒకటి తగ్గించింది ఎందుకంటే దాంతో వచ్చిన పుస్తకంలో తెలుగు ఒక్క ముక్క లేదు, పొద్దస్తమానం దాన్ని వాడేది మా అత్తయ్యగారు, అందుకే ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.